హైదరాబాద్ చౌక నగరమేనా? మీ దగ్గర ఏ కాగితం ఉందన్నదే అసలు లెక్క

'బెంగళూరులో జీతమంతా అద్దెకే పోతుంది, హైదరాబాద్ అయితే నయం.' ఉద్యోగం మారేవాళ్లు, పిల్లల చదువు కోసం ఊరు వదిలి వచ్చేవాళ్లు తరచూ అనే మాట ఇది. దీనికి సాక్ష్యంగా ఎక్కువగా చూపించేది మెర్సర్ సంస్థ ఇచ్చే జీవన వ్యయం ర్యాంకులు. 2024లో ఆ సంస్థ 226 నగరాలను ఖరీదును బట్టి వరుసలో పెట్టింది. అందులో ముంబై 136, ఢిల్లీ 165, చెన్నై 189, బెంగళూరు 195వ స్థానాల్లో ఉంటే హైదరాబాద్ 202లో ఉంది. నంబరు ఎంత పెద్దదైతే నగరం అంత చౌక అన్నమాట. పుణె, కోల్‌కతా మనకంటే ఇంకొంచెం చౌక.

అయితే ఆ లెక్క ఎవరి కోసం వేశారో కూడా చూడాలి. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉద్యోగులను పంపే కంపెనీలు, వారికి ఎంత జీతం ఇవ్వాలో తేల్చుకోవడానికి వాడే జాబితా అది. న్యూయార్క్‌ను కొలబద్దగా పెట్టుకుని ఇంటి అద్దె, రవాణా, తిండి, బట్టలు, వినోదం వంటి 200కు పైగా వస్తువులు, సేవల ధరలను పోలుస్తారు. రేషన్ బియ్యం, ఆర్టీసీ జీరో టికెట్, బస్తీ దవాఖానా మందులు ఆ కంపెనీల లెక్కకు అక్కర్లేని విషయాలు. బోరబండలో రెండు గదుల్లో ఉండే కుటుంబానికి నెల గడిచేది మాత్రం వీటితోనే.

ఇల్లు కొనాలనుకునేవాళ్లకు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. నైట్ ఫ్రాంక్ సంస్థ 2024 సూచీ ప్రకారం హైదరాబాద్‌లో ఇల్లు కొంటే కుటుంబ ఆదాయంలో సగటున 30 శాతం ఈఎంఐకే పోతుంది. ఢిల్లీ ప్రాంతం, బెంగళూరులో ఇది 27 శాతం, చెన్నైలో 25 శాతం. పెద్ద నగరాల్లో మన కంటే పైన ఉన్నది 50 శాతంతో ముంబై ఒక్కటే. అంటే 'చౌక' అన్న మాట ఇల్లు కొనేవాళ్ల విషయంలో నిజం కాదు. అద్దెకుంటూ ప్రభుత్వ సేవలు వాడుకునేవాళ్ల విషయంలో నిజం కావచ్చు, కానీ వాళ్లలోనూ అందరికీ కాదు. ఒకే వీధిలో, ఒకే జీతంతో, ఒకేలా బతికే మూడు కుటుంబాల ఖర్చు మూడు రకాలుగా ఉండొచ్చు. కరెంటు బిల్లు చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఒకే వాడకం, మూడు బిల్లులు

రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నాలుగు లైట్లు ఉన్న ఇంట్లో నెలకు 120 యూనిట్లు కాలాయనుకుందాం.

మొదటి కుటుంబానికి రేషన్ కార్డు ఉంది, ఆ పోర్షన్‌కు విడిగా మీటర్ ఉంది, గృహజ్యోతిలో పేరుంది. ఈ పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు ఇస్తున్నారు. కట్టాల్సింది సున్నా.

రెండో కుటుంబానికి విడి మీటర్ ఉంది కానీ రేషన్ కార్డు లేదు. మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున 340 రూపాయలు, మిగతా 20 యూనిట్లకు 4.80 చొప్పున 96 రూపాయలు. మొత్తం 436. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం.

మూడో కుటుంబం ఉంటున్న ఇంట్లో నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకటే మీటర్. ఓనర్ లోపల సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటున్నారు. నగరంలో 8 నుంచి 10 రూపాయల దాకా ఇలా వసూలు చేయడం మామూలే. వీళ్లు కట్టేది 1,200 రూపాయలు. వీళ్లకు రేషన్ కార్డు ఉన్నా ఆ ఇంట్లో ఉన్నంతకాలం జీరో బిల్లు రావడం కష్టం. నాలుగు పోర్షన్ల వాడకం ఒకే మీటర్‌పై తిరిగితే 200 యూనిట్ల లోపు ఎప్పుడూ ఉండదు.

ఇందులో ఓనర్ దోచుకుంటున్నారని వెంటనే అనుకోనక్కర్లేదు. ఒక్కో పోర్షన్‌కు 120 చొప్పున నాలుగింటికి 480 యూనిట్లు. వాడకం 200 దాటగానే తక్కువ రేటు స్లాబు ఉండదు. మొదటి 200 యూనిట్లకు 5.10, ఆ తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, మిగిలిన 80కి 9.50. మొత్తం 3,450 రూపాయలు. యూనిట్‌కు సగటున 7 రూపాయల 19 పైసలు పడుతోంది. మోటారు, మెట్ల లైట్లు కలుపుకుంటే 8 రూపాయలు తీసుకునే ఓనర్‌కు మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. 10 తీసుకునేవారికి మాత్రం మిగులుతుంది. అదే నాలుగు విడి మీటర్లుంటే నాలుగు కుటుంబాలకూ కలిపి అయ్యేది 1,744 రూపాయలే. తేడా 1,706 రూపాయలు. విడి మీటర్లకు దరఖాస్తు చేయకపోవడం వల్ల నెలనెలా పోతున్న డబ్బు ఇది. విడి మీటర్‌కు ఓనర్ ఒప్పుకోవాలి, కొత్త కనెక్షన్ ఛార్జీలు కట్టాలి. ఆ ఛార్జీలు మేం పంచుకుంటాం అని నాలుగు పోర్షన్లవాళ్లు కలిసి అడిగితే ఒప్పుకునే ఓనర్లు ఉంటారు. ఈ తేడా లెక్క కాగితంపై రాసి చూపిస్తే మాట ఇంకొంచెం తేలిగ్గా నడుస్తుంది.

విడి మీటర్ ఉన్నవాళ్లు కూడా స్లాబు అంచులు గుర్తుపెట్టుకోవాలి. నెలకు 100 యూనిట్లు కాలితే 252.50 రూపాయలు. 101 కాలితే 344.80. అలాగే 200 యూనిట్లకు 820, 201కి 1,027.70. ఒక్క యూనిట్‌తో 207 రూపాయల తేడా. గృహజ్యోతివాళ్లకు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 200 దాటితే ఆ నెల పైన వాడిన యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ రాత్రంతా తిరిగే ఇళ్లలో సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యికి పైగా రావడానికి కారణం ఇదే. పథకం రద్దయిందని కంగారు పడి పరుగెత్తాల్సిన పని లేదు. మరుసటి నెల వాడకం తగ్గితే మళ్లీ జీరో బిల్లు వస్తుంది.

అద్దెకున్నవాళ్లకూ గృహజ్యోతి వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మీటర్ ఓనర్ పేరు మీద ఉన్నా, ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబానికి రేషన్ కార్డు ఉంటే చాలు. కార్డును, ఆధార్‌ను ఆ మీటర్ సర్వీస్ నంబర్‌తో కలపాలి. ఒక కార్డుకు ఒక మీటర్.

ఇక్కడే చాలామంది ఓనర్లు అడ్డు చెబుతారు. అద్దెకున్నవారి ఆధార్ తమ మీటర్‌కు ఎక్కితే రేపు ఇంటిపై హక్కు అడుగుతారేమోనని వారి భయం. ఆ భయానికి ఆధారం లేదు. సబ్సిడీ ఎవరికి వెళ్లాలో చూపించే లింకు అది. దానివల్ల కనెక్షన్ యజమాని పేరు మారదు, ఆస్తి హక్కు పుట్టదు. టులెట్ బోర్డు మీద 'ఓన్లీ వెజ్' అని పెద్దక్షరాలతో రాసే ఓనర్లు మీటర్ సంగతి మాత్రం రాయరు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగాలి.

రేషన్ కార్డు విలువ ఎంత?

బియ్యం కార్డు అని తేలిగ్గా తీసుకుంటాం కానీ, నగరంలో చాలా పథకాలకు తలుపు అదే. నలుగురున్న కుటుంబాన్ని తీసుకుని లెక్క వేద్దాం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. బయట కిలో 50 రూపాయలు అనుకుంటే 1,200. వంటగ్యాస్ సిలిండర్ ధర 2025 ఏప్రిల్ పెంపు తర్వాత హైదరాబాద్‌లో 905 రూపాయలైంది. మహాలక్ష్మి పథకంలో అర్హులకు అది 500కే పడుతుంది. ముందు పూర్తి ధర కట్టాలి, తేడా తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ తేడా 405. కరెంటులో మిగిలేది పై లెక్కలో 436. మూడూ కలిపితే 2,041 రూపాయలు. అంటే ఏడాదికి 24 వేలకు పైనే, సిలిండర్ నెలకొకటి అయితేనే సుమా.

ఆరోగ్యశ్రీ ఇందులో కలపలేదు. 2023 డిసెంబర్‌లో ఆ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇంట్లో ఒక్కరికి గుండె ఆపరేషన్ అవసరమైతే ఈ నెలవారీ లెక్కలన్నీ దాని ముందు చిన్నవైపోతాయి.

నగరాల్లో కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షల రూపాయలు. అంటే నెలకు 16,600 దాటితే అర్హత లేనట్లే. నెలకు 18 వేలు తెచ్చుకునే సెక్యూరిటీ గార్డు, 20 వేల డెలివరీ బాయ్ ఈ గీతకు కాస్త పైన ఉంటారు. ఈ నగరం చౌక కానిది ఎక్కువగా వీళ్లకే. పైన చెప్పిన 2,041 రూపాయలు వీళ్లు జేబు నుంచి పెట్టుకోవాలి, కానీ జీతంలో ఆ తేడా కనిపించదు.

ఏళ్ల తరబడి ఆగిన కొత్త కార్డుల పంపిణీ 2025 జులైలో మొదలైంది. పెళ్లయి విడిగా ఉంటున్నవాళ్లు, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కించాల్సినవాళ్లు మీ సేవలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక మనిషి పేరు రెండు కార్డుల్లో ఉండకూడదు. అత్తగారింటి కార్డులో కోడలి పేరు చేర్చాలంటే ముందు పుట్టింటి కార్డులో తీయించాలి. దరఖాస్తులు తిరిగొచ్చే కారణాల్లో ఇదొకటి.

శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో పనికి వచ్చినవాళ్లు సొంతూరి కార్డునే ఇక్కడ వాడుకోవచ్చు. వన్ నేషన్ వన్ రేషన్ కార్డు కింద కేంద్రం కోటా బియ్యం ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్ర వేసి తీసుకునే వీలుంది. తెలంగాణ ఇచ్చే అదనపు కిలో, గృహజ్యోతి, 500 సిలిండర్ మాత్రం ఆ కార్డుకు రావు.

బస్సు ఫ్రీ, కానీ ఆధార్‌లో ఏ ఊరుంది?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చెల్లుతుంది. డీలక్స్, ఏసీ బస్సుల్లో చెల్లదు. ఇక్కడ రేషన్ కార్డు అక్కర్లేదు, ఆదాయ పరిమితి లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతారు.

ఆ చిరునామా దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. గుంటూరు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసే అమ్మాయి ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంటే టికెట్ కొనాల్సిందే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి పథకమే నడుస్తోంది. ఆమెకు అక్కడ ఉచితం, ఇక్కడ కాదు. ఆధార్ చిరునామా మార్చుకుంటే అది తిరగబడుతుంది. సొంతూరిలో ఏ పథకానికైనా ఆ చిరునామా అవసరమేమో చూసుకున్నాకే మార్చుకోవాలి. మార్చడానికి అద్దె ఒప్పందం లాంటి రుజువు కావాలి. కుటుంబంలో ఒకరిది ఇప్పటికే ఇక్కడి చిరునామాకు మారి ఉంటే, ఇంటి పెద్దగా వారి సమ్మతితో మిగతావాళ్లు ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు.

ఈ ఉచితం విలువ తెలియాలంటే పాస్ ధరలు చూడాలి. 2025 జూన్‌లో ఆర్డినరీ నెల పాస్ 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ 1,300 నుంచి 1,600కు పెరిగాయి. అక్టోబర్‌లో సిటీ బస్సుల టికెట్లపైనా మొదటి మూడు స్టేజీలకు 5, ఆ తర్వాత 10 రూపాయలు పెంచారు. భర్త మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్‌కు 1,600 కడుతుంటే భార్య అదే బస్సులో ఊరికే వెళ్తుంది. సీటు దొరుకుతుందా అన్నది వేరే చర్చ.

చౌక అద్దె, దూరాభారం

నగరంలో అద్దె తగ్గేది దూరం పెరిగిన కొద్దీ. కాబట్టి అద్దెను విడిగా చూడకుండా ప్రయాణంతో కలిపి చూడాలి. మెట్రోలో 2025 మేలో ఛార్జీలు పెంచి, వారానికే 10 శాతం తగ్గించాక కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలయ్యాయి. చివరి నుంచి చివరి దాకా వెళ్లేవారికి రోజుకు 138, నెలలో 24 రోజులకు 3,312. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెళ్లాలంటే అక్కడి నుంచి షేర్ ఆటోనో బస్సో పట్టాలి, అది అదనం.

బండి మీద వెళ్దామంటే పెట్రోల్ ఉంది. తెలంగాణలో పెట్రోల్‌పై వ్యాట్ 35.2 శాతం. అందుకే ఇక్కడ లీటరు 107 రూపాయలు దాటింది. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు మూడింటిలోనూ ఇంతకంటే తక్కువ. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 45 ఇస్తే నెలకు పెట్రోల్‌కే సుమారు 2,300. 'చౌక నగరం' బోర్డు కింద మనం ఎక్కువ కడుతున్న వస్తువు ఇది.

ఎంఎంటీఎస్ లైన్ దగ్గర ఇల్లు దొరికితే మాత్రం వదులుకోవద్దు. కనీస ఛార్జీ 5 రూపాయలే. రైళ్ల సంఖ్య తక్కువ, వేళ చూసుకుని వెళ్లాలి. ఆ వేళ మీ డ్యూటీకి కుదిరితే నగరంలో ఇంతకంటే చౌక ప్రయాణం ఇంకోటి లేదు.

నీళ్లు: 20 వేల లీటర్లు సరిపోతాయా?

జలమండలి ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. జీహెచ్ఎంసీ పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణంతో చూస్తే నలుగురికి నెలకు 16,200 లీటర్లు చాలు. ఐదుగురికి 20,250, అంటే సరిగ్గా అంచు మీద. దాటిన వాడకానికి టారిఫ్ ప్రకారం బిల్లు వస్తుంది.

బస్తీలను మినహాయిస్తే, పనిచేసే మీటర్ ఉండాలి, క్యాన్ నంబర్‌కు ఆధార్ కలిపి ఉండాలి. అపార్ట్‌మెంట్లలో కనెక్షన్ ఒకటే అయినా ఫ్లాట్‌కు 20 వేల చొప్పున లెక్కిస్తారు. అయితే ప్రతి ఫ్లాట్‌వారూ ఆధార్ కలుపుకోవాలి. కొందరు కలపకపోతే ఆ మేరకు బిల్లు వస్తుంది. దాన్ని అసోసియేషన్ మెయింటెనెన్స్‌లో అందరిపైనా వేస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఫ్లాట్లు కలిపారో సెక్రటరీని ఒకసారి అడగండి.

పథకం మొదలైనప్పుడు ఔటర్ లోపలి శివారు మున్సిపాలిటీలు ఇందులో లేవు. అక్కడ అద్దె తక్కువైనా వేసవిలో ట్యాంకర్లే దిక్కు. 2024 వేసవిలో జలమండలి 5 వేల లీటర్ల ట్యాంకర్ గృహ వినియోగదారులకు 500 రూపాయలు కాగా, ప్రైవేటు ట్యాంకర్లు దానికి రెండు మూడు రెట్లు తీసుకున్నాయి. శివారులో ఇల్లు చూసేవాళ్లు డిసెంబర్‌లో కాకుండా ఏప్రిల్‌లో నీళ్లు ఎలా వస్తాయో పక్కింటివాళ్లను అడగాలి. ఈ విషయంలో ఓనర్ చెప్పేదానికంటే పక్కింటివాళ్లు చెప్పేదే నమ్మకం.

తిండి, మందులు

జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన అన్నపూర్ణ క్యాంటీన్లు ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. మధ్యాహ్న భోజనం 5 రూపాయలు. 2025 సెప్టెంబర్ చివరి నుంచి కొన్నిచోట్ల 5 రూపాయలకే టిఫిన్ కూడా పెడుతున్నారు. ఏ కార్డూ అడగరు. బస్తీ దవాఖానాల్లో డాక్టర్ చూడటం, మందులు, రక్తపరీక్షలు ఉచితం. నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు వెళ్తాయి, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. షుగర్, బీపీ మందులు నెలనెలా కొనేవాళ్లు ఒకసారి వెళ్లి అడిగితే పోయేదేమీ లేదు. కూరగాయలకు మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ వంటి రైతు బజార్లలో ఆ రోజు ధరలు బోర్డుపై రాస్తారు. ఇంటి పక్క బండి దగ్గర బేరం ఆడటానికైనా ఆ ధర తెలిసుండటం మంచిది.

స్కూలు ఫీజు సంగతికి వస్తే ఒక్కో స్కూలుది ఒక్కో రేటు. పైన మిగుల్చుకున్నదంతా చాలా ఇళ్లలో అక్కడికే వెళ్తోంది.

ఇల్లు మారుతుంటే

హైదరాబాద్‌లో సాధారణంగా రెండు మూడు నెలల అద్దె అడ్వాన్స్‌గా తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి అలవాటు. అది ఒప్పందంలో ఉందో లేదో ముందే చదవాలి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి 11 నెలలకే రాస్తారు. గడువు అయ్యాక కొత్తది రాయించుకోకపోతే చిరునామా రుజువుగా చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. చాలామంది రెండో ఏడాది ఆ వంద రూపాయల స్టాంపు కాగితం దగ్గరే బద్ధకిస్తారు.

గృహజ్యోతి ఉన్నవాళ్లు ఇల్లు మారితే పథకం దానంతటదే వెంట రాదు. కొత్త ఇంటి కరెంటు బిల్లుపై ఉన్న యూఎస్‌సీ నంబర్, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని మున్సిపల్ సర్కిల్ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రంలో నంబర్ మార్పించుకోవాలి. పాత మీటర్‌పై మీ కార్డు అలాగే ఉండిపోతే కొత్త ఇంట్లో మీకు మామూలు బిల్లే వస్తుంది. ఇప్పుడు మీరు దిగిన ఇంట్లో అంతకుముందు ఉన్నవాళ్లు నంబర్ మార్చుకోలేదనుకోండి, వాళ్ల కార్డు తీయించాకే మీది ఎక్కుతుంది. అందుకే కొత్త ఇంట్లో సామాను దించిన వారంలోనే ఆ పని పెట్టుకోవాలి. కరెంటు ఫిర్యాదులకు 1912, నీళ్లకు 155313, రేషన్‌కు 1967.